మైగ్రేన్, పక్షవాతం: రక్తంలోని సూచికలు

శరీరంలో జరుగుతున్న ఒక మార్పును రక్తపరీక్షలో కొలిచి చూపగల పదార్థాన్ని రక్త సూచిక లేదా బయోమార్కర్ అంటారు. అది ప్రొటీన్ కావచ్చు, కొవ్వు కావచ్చు, ఒక రకం కణాల సంఖ్య కావచ్చు, జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా కూడా కావచ్చు. మైగ్రేన్‌తోనూ పక్షవాతంతోనూ సంబంధం ఉన్నట్టు కనిపించిన సూచికల్లో హోమోసిస్టీన్, సి-రియాక్టివ్ ప్రొటీన్, ఫైబ్రినోజెన్, వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, ప్లేట్‌లెట్లు ముఖ్యమైనవి.

ఫలానా మైగ్రేన్ రోగికి పక్షవాతం వస్తుందని తేల్చి చెప్పగల పరీక్ష వీటిలో ఒక్కటీ లేదు. అసలు మైగ్రేన్‌ను నిర్ధారించడానికే రక్తపరీక్ష లేదు. రోగి చెప్పే లక్షణాలే నేటికీ ఆధారం. ఈ సూచికల విలువ వేరే చోట ఉంది. తలనొప్పికీ మెదడు రక్తనాళాల జబ్బుకీ మధ్య దారులు ఎటునుంచి ఎటు నడుస్తున్నాయో అవి కొంతవరకు చూపిస్తాయి. కొద్దిమంది రోగుల్లో మాత్రం చికిత్సనే మార్చేస్తాయి.

పేర్లు, నిర్వచనాలు

తెలుగులో మైగ్రేన్‌ను పార్శ్వపు నొప్పి, ఒంటి కణత నొప్పి అంటారు. సుశ్రుత సంహిత శిరోరోగాలను 11గా లెక్కించి, తలలో సగభాగాన్ని పట్టే నొప్పికి అర్ధావభేదకం అని పేరు పెట్టింది. గ్రీకు వైద్యుడు గాలెన్ వాడిన హెమిక్రేనియా అనే మాటకు కూడా సగం తల అనే అర్థం. అదే ఫ్రెంచి వారి నోట నలిగి మైగ్రేన్ అయింది. పేరులో సగమే ఉన్నా నొప్పి తల రెండు వైపులా రావడం అరుదేమీ కాదు.

అంతర్జాతీయ తలనొప్పి సంఘం వర్గీకరణలో ఈ జబ్బుకు రెండు ప్రధాన రూపాలున్నాయి: ఆరా లేని మైగ్రేన్, ఆరాతో కూడిన మైగ్రేన్. నొప్పికి ముందు కళ్లెదుట మెరిసే వంకరటింకర గీతలు, చూపులో గుడ్డిమచ్చ, చేతి వేళ్ల నుంచి మూతి దాకా పాకే తిమ్మిరి, మాట తడబడటం వంటివి వస్తే దాన్ని ఆరా అంటారు. ఒక్కో లక్షణం 5 నుంచి 60 నిమిషాలు ఉండి పోతుంది. రోగుల్లో సుమారు పావువంతు నుంచి మూడోవంతు మందికి ఇది వస్తుంది. పక్షవాతంతో గట్టిగా ముడిపడింది ఈ రెండో రూపమే గనుక, సూచికల చర్చంతా ఈ తేడా చుట్టూ తిరుగుతుంది.

పక్షవాతం అంటే ఒక పక్క పడిపోవడం. నిజానికి అది లక్షణం పేరు, వాడుకలో జబ్బు పేరైంది. వైద్యులు స్ట్రోక్ అనే దానిలో ఒళ్లు పడిపోకుండా చూపు మాత్రమే పోవడం, మాట పడిపోవడం, హఠాత్తుగా తూలిపోవడం కూడా కలుస్తాయి. రక్తనాళం పూడుకుపోతే వచ్చేది ఇస్కీమిక్ స్ట్రోక్; చిట్లితే వచ్చేది రక్తస్రావ స్ట్రోక్ (చూ. పక్షవాతం). ఈ వ్యాసంలో చెప్పే సూచికలు ఎక్కువగా మొదటిదానికి సంబంధించినవి.

సంబంధం ఎంత?

2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఒక సమీక్ష అంతకుముందరి అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టింది. ఆరా ఉన్నవారిలో ఇస్కీమిక్ స్ట్రోక్ ముప్పు మిగతావారితో పోలిస్తే 2.16 రెట్లని తేలింది. ఆరా లేనివారిలో కనిపించిన స్వల్ప పెరుగుదల గణాంకాల పరీక్షకు నిలవలేదు. ముప్పు ఎక్కువగా కనిపించింది 45 ఏళ్లలోపు వారిలో, స్త్రీలలో, పొగతాగేవారిలో, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో.

రెట్టింపు అనగానే గుండె గుభేలుమంటుంది. అమెరికాలో 45 ఏళ్లు దాటిన మహిళా ఆరోగ్య ఉద్యోగులతో సాగిన విమెన్స్ హెల్త్ స్టడీ దీన్నే మరో కొలతలో చెప్పింది: ఆరాతో కూడిన మైగ్రేన్ వల్ల ఏడాదికి ప్రతి 10,000 మంది స్త్రీలలో అదనంగా వచ్చే ఇస్కీమిక్ స్ట్రోకులు సుమారు 4. రెండు లెక్కలూ నిజమే. చిన్న సంఖ్య రెట్టింపైనా చిన్న సంఖ్యగానే ఉంటుంది.

అయితే జబ్బు విస్తృతిని బట్టి ఆ చిన్న సంఖ్యకూ బరువు వస్తుంది. 2019 అంచనాల ప్రకారం ప్రపంచంలో సుమారు 110 కోట్ల మందికి, భారతదేశంలో 21.3 కోట్ల మందికి మైగ్రేన్ ఉంది. అదే ఏడాది ప్రపంచంలో కొత్తగా వచ్చిన స్ట్రోకులు 1.22 కోట్లు. బెంగళూరు పరిసరాల్లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవారు దాదాపు 25 శాతమని తేలింది.

లక్షణాలు లేని మచ్చల మాటా ఇక్కడే చెప్పాలి. నెదర్లాండ్స్‌లో జరిగి 2004లో వెలువడిన కామెరా అధ్యయనం సాధారణ జనంలోని మైగ్రేన్ రోగులకు ఎంఆర్‌ఐ తీసింది. మెదడు వెనుక భాగంలో, ముఖ్యంగా చిన్నమెదడులో, తమకు తెలియకుండానే రక్తం అందక కణజాలం చనిపోయిన చిన్న మచ్చలు, అంటే ఇన్‌ఫార్క్టులు ఏర్పడినవారు మైగ్రేన్ ఉన్నవారిలో 5.4 శాతం, లేనివారిలో 0.7 శాతం. ఆరా నెలకు ఒకసారైనా వచ్చేవారిలో ఇవి మరీ ఎక్కువ.

చరిత్ర

రక్తంలో మైగ్రేన్ ఆనవాళ్ల వేట మొదలైంది రక్తంతో కాదు, మూత్రంతో. 1961లో ఇటలీలోని ఫ్లారెన్స్‌కు చెందిన ఫెడెరిగో సికుటెరి, నొప్పి వచ్చినప్పుడు మూత్రంలో సెరొటోనిన్ విరిగిపోగా మిగిలే పదార్థం పెరుగుతోందని గమనించారు. 1967లో సిడ్నీలో జేమ్స్ లాన్స్ బృందం నొప్పి సమయంలో ప్లేట్‌లెట్లలోని సెరొటోనిన్ తగ్గిపోతోందని చూపింది. ప్లేట్‌లెట్లు గాయాన్ని పూడ్చే కణాలు. తలనొప్పి రోజున అవి తమ సరుకును ఎందుకు వదిలేస్తున్నాయి? 1978లో బ్రిటిష్ వైద్యురాలు ఎడ్డా హానింగ్టన్ లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాసి, మైగ్రేన్ రక్తపు జబ్బేమోనని శీర్షికలోనే ప్రశ్నించారు. ఆ వాదం ఆ రూపంలో నిలవలేదు గానీ, ప్రశ్న మాత్రం పోలేదు.

1990లో పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ నొప్పి నడుస్తుండగా రోగుల మెడలోని బయటి జుగులార్ సిర నుంచి రక్తం తీశారు. 37 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ ఒకటి అందులో పెరిగి ఉంది. అదే సీజీఆర్‌పీ. రక్తనాళాలను వెడల్పు చేసే శక్తి దీనికి అమితంగా ఉంది. దీన్ని అడ్డుకునే మందుల్లో మొదటిదైన ఎరెనుమాబ్‌కు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2021లో గోడ్స్‌బీ, ఎడ్విన్సన్‌లతో పాటు మైఖేల్ మోస్కోవిట్జ్, యెస్ ఓలెసెన్‌లకు బ్రెయిన్ ప్రైజ్ దక్కింది. మైగ్రేన్ సూచికల్లో ఇంత దూరం నడిచింది మరొకటి లేదు. కానీ సీజీఆర్‌పీ నొప్పికి సూచిక. పక్షవాతపు ముప్పును అది చెప్పదు. ఆ పని కోసం వెతికిన పదార్థాలు చాలావరకు గుండెజబ్బుల వైద్యం నుంచి అరువు తెచ్చుకున్నవే.

హోమోసిస్టీన్, ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువు

ఈ పట్టికలో ఎక్కువ చర్చ జరిగింది హోమోసిస్టీన్ మీద. ఇది మనం తినే ప్రొటీన్‌లోని మెథియోనిన్ నుంచి ఒంట్లో తయారయ్యే గంధకపు అమైనో ఆమ్లం. 1932లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త విన్సెంట్ దు విగ్నో దీన్ని గుర్తించారు. ఫోలిక్ ఆమ్లం, బి12, బి6 విటమిన్లు సరిపడా ఉంటే శరీరం దీన్ని ఎప్పటికప్పుడు వేరే పదార్థాలుగా మార్చేస్తుంది. లేకపోతే రక్తంలో పోగుపడుతుంది. సాధారణంగా లీటరు ప్లాస్మాకు 5 నుంచి 15 మైక్రోమోల్‌లను మామూలు స్థాయిగా తీసుకుంటారు.

1969లో కిల్మర్ మెకల్లీ అనే పాథాలజిస్టు, పుట్టుకతోనే హోమోసిస్టీన్ విపరీతంగా పెరిగే జబ్బుతో చనిపోయిన పిల్లల రక్తనాళాలను పరిశీలించారు. పసిపిల్లల ధమనులు ముసలివారివాటిలా గట్టిపడి ఉన్నాయి. మామూలు మనుషుల్లో కొద్దిగా పెరిగిన హోమోసిస్టీన్ కూడా ధమనులను పాడుచేస్తుందన్న ఆలోచనకు అక్కడ బీజం పడింది.

మైగ్రేన్‌తో ముడి జన్యువు ద్వారా పడింది. హోమోసిస్టీన్‌ను తిరిగి మెథియోనిన్‌గా మార్చే పనిలో తోడ్పడే ఎంజైముకు ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువు ఆధారం. అందులో 677వ స్థానంలో సి అక్షరం బదులు టి ఉంటే ఎంజైము మందగిస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ టి వస్తే బాగా మందగిస్తుంది. ఇలాంటివారిలో ఆరాతో కూడిన మైగ్రేన్ ఎక్కువని పలు అధ్యయనాలు చెప్పాయి. 2008లో విమెన్స్ హెల్త్ స్టడీ ఇంకో అడుగు వేసింది: ఆరా ఉండి, రెండు టి ప్రతులూ ఉన్న స్త్రీలలో ఇస్కీమిక్ స్ట్రోక్ ముప్పు సుమారు 4 రెట్లు కనిపించింది. ఆ గుంపులో ఉన్నవారు తక్కువమంది గనుక ఈ అంకెను జాగ్రత్తగానే పట్టుకోవాలి.

మరి విటమిన్లు మింగితే సరిపోతుందా? జవాబు తిన్నగా లేదు. ఆస్ట్రేలియాలో 52 మంది రోగులకు 6 నెలలు ఫోలిక్ ఆమ్లం, బి6, బి12 ఇచ్చిన ప్రయోగంలో హోమోసిస్టీన్ తగ్గింది, మైగ్రేన్ వల్ల పనులు ఆగిపోవడమూ తగ్గింది. కానీ స్ట్రోక్ ఒకసారి వచ్చినవారితో చేసిన విస్ప్ ప్రయోగంలో (2004) ఎక్కువ మోతాదు విటమిన్లతో ప్రయోజనం కనిపించలేదు. 2006 నాటి హోప్-2 ప్రయోగంలో స్ట్రోకులు సుమారు నాలుగోవంతు తగ్గినా గుండెపోట్లు తగ్గలేదు. చైనాలో రక్తపోటు ఉన్న 20,702 మందిపై జరిగి 2015లో వెలువడిన ప్రయోగంలో, రక్తపోటు మాత్రకు రోజుకు 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం జోడించినప్పుడు మొదటి స్ట్రోకులు 21 శాతం తగ్గాయి. విస్ప్ ప్రధానంగా జరిగిన అమెరికా, కెనడాల్లో గోధుమపిండిలో ఫోలిక్ ఆమ్లం ముందే కలుపుతారు. చైనాలో ఆ ప్రయోగం జరిగిన ప్రాంతాల్లో అలా కలపడం లేదు. కొరత ఉన్నచోటే విటమిన్ పనిచేసిందన్నది ఈ తేడాకు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

పరీక్షలోనే ఒక చిక్కుంది. రక్తం తీశాక సీసాలోని ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ను వదులుతూనే ఉంటాయి. నమూనాను వెంటనే ఐస్‌లో పెట్టకపోయినా, గంటలోపు ప్లాస్మాను వేరుచేయకపోయినా అంకె అబద్ధంగా పెరుగుతుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లి, నాలుగు వీధులు తిరిగి ల్యాబ్‌కు చేర్చే పద్ధతిలో కొద్దిపాటి పెరుగుదల కనిపిస్తే దాన్ని రెండోసారి చూడటం మంచిది.

వాపు సూచికలు: సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్

సి-రియాక్టివ్ ప్రొటీన్ 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో న్యుమోనియా రోగుల రక్తంలో బయటపడింది. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా కాలేయం దీన్ని తయారుచేస్తుంది. చాలా తక్కువ స్థాయులను కొలిచే హెచ్‌ఎస్-సీఆర్‌పీ పరీక్షలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ముప్పు, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని గుండె వైద్యులు లెక్క పెట్టుకున్నారు.

విమెన్స్ హెల్త్ స్టడీలో 27,000కు పైగా మహిళల రక్తాన్ని పరీక్షించినప్పుడు మైగ్రేన్ చరిత్ర ఉన్నవారిలో సీఆర్‌పీ పెరిగి ఉన్నా, ఆ పెరుగుదల స్వల్పం. జలుబు, చిగుళ్ల వాపు, ఊబకాయం కూడా ఇదే అంకెను పెంచుతాయి. కాబట్టి తలనొప్పి రోగికి సీఆర్‌పీ కాస్త ఎక్కువ ఉందన్న ఒక్క మాట మీద ఏ నిర్ణయమూ నిలవదు.

ఎర్రకణాలు అడుగుకు దిగే వేగాన్ని కొలిచే పాతకాలపు పరీక్ష ఈఎస్‌ఆర్ సంగతి వేరు. 50 ఏళ్లు దాటాక జీవితంలో మొదటిసారి కణత నొప్పి మొదలై, తల దువ్వుకుంటే మాడు నొప్పెట్టడం, నములుతుంటే దవడ పీకడం ఉంటే అది మైగ్రేన్ కాకపోవచ్చు. జెయింట్ సెల్ ఆర్టరైటిస్ అనే ధమనుల వాపులో ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ బాగా పెరుగుతాయి. చికిత్స ఆలస్యమైతే చూపు పోతుంది, స్ట్రోకూ రావచ్చు. తలనొప్పుల్లో రక్తపరీక్ష అత్యవసరమయ్యే సందర్భాల్లో ఇది ముందుంటుంది.

గడ్డకట్టే గుణం, రక్తనాళపు లోపొర

రక్తనాళాల లోపలి గోడకు పరిచినట్టుండే పలుచని కణాల పొర ఎండోథీలియం. అది గాయపడినా, ఒత్తిడికి గురైనా తనలో దాచుకున్న వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్‌ను రక్తంలోకి వదులుతుంది; ప్లేట్‌లెట్లు గోడకు అతుక్కోవడానికి అదే జిగురు. 1926లో ఫిన్లండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ వర్ణించిన రక్తస్రావ వ్యాధి పేరే దీనికీ వచ్చింది. లోపిస్తే రక్తం ఆగదు, ఎక్కువైతే గడ్డకట్టే వైపు మొగ్గుతుంది.

అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెచెన్ టీట్జెన్ బృందం ఈ దారిలో ఎక్కువ పని చేసింది. ముట్లు ఆగని వయసులోని మైగ్రేన్ స్త్రీలలో ఎండోథీలియం ఉద్రిక్తతను సూచించే పదార్థాలు పెరిగి ఉన్నాయని 2009లో చెప్పింది. తర్వాత కామెరా అధ్యయనపు రక్త నమూనాల్లో గడ్డకట్టడానికి తోడ్పడే ప్రొటీన్ ఫైబ్రినోజెన్, గడ్డకట్టే ఫ్యాక్టర్ 2 స్థాయులకు మైగ్రేన్‌తో సంబంధం కనిపించింది. బెర్లిన్ పరిశోధకులు ఆరా రోగుల రక్తంలో ఎండోథీలియం నుంచి ఊడివచ్చే సూక్ష్మ తునకలు ఎక్కువని 2015లో నివేదించారు. దెబ్బతిన్న లోపొరను బాగుచేసే మూలకణాలు మైగ్రేన్ రోగుల్లో తక్కువగా ఉన్నాయన్న కొరియా పరిశోధన కూడా ఈ చిత్రంలో ఇమిడిపోతుంది.

ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. పుట్టుకతో వచ్చే జన్యు తేడాలను ఆధారం చేసుకుని కారణానికీ కాకతాళీయానికీ తేడా తేల్చే పద్ధతిని మెండెలియన్ రాండమైజేషన్ అంటారు. 2021లో ఆ పద్ధతిలో చూస్తే ఫ్యాక్టర్ 8, వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ జన్యుపరంగా ఎక్కువ ఉన్నవారికి ఆరాతో కూడిన మైగ్రేన్ ఎక్కువగా వస్తోంది. ఫైబ్రినోజెన్ మాత్రం ఎదురు దిక్కున నిలిచింది: జన్యుపరంగా అది ఎక్కువ ఉన్నవారికి మైగ్రేన్ తక్కువ. రోగుల రక్తంలో ఎక్కువ కనిపించిన పదార్థమే జన్యు లెక్కలో రక్షణగా తేలడంతో, ఫైబ్రినోజెన్ పెరగడం జబ్బుకు కారణం కాదనీ ఫలితమో, పక్కనుంచి వచ్చిన మార్పో కావచ్చుననీ అనుమానం బలపడింది.

యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు

1983లో లండన్ వైద్యుడు గ్రాహం హ్యూస్ వర్ణించిన జబ్బులో శరీరం తన కణత్వచాల మీదే యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. సిరల్లో, ధమనుల్లో గడ్డలు, చిన్న వయసులో స్ట్రోక్, పదేపదే గర్భస్రావాలు దీని గుర్తులు. ఐరోపాలో 1,000 మంది రోగులను గమనించిన బృందం వారిలో సుమారు 20 శాతం మందికి మైగ్రేన్ ఉందని చెప్పింది. కానీ తిరగేసి చూస్తే, మామూలు మైగ్రేన్ రోగులందరిలో ఈ యాంటీబాడీలు ఎక్కువని గట్టి రుజువు దొరకలేదు; 1998లో టీట్జెన్ బృందమే అలాంటి సంబంధం లేదని నివేదించింది.

అందుకే దీన్ని అందరికీ చేయరు. ఆరాతో పాటు గర్భస్రావాల చరిత్రో, కాలి సిరలో గడ్డో, లూపస్ జబ్బో ఉన్న స్త్రీకి చేస్తారు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రొటీన్ అనే మూడు పరీక్షలు కలిపి చేసి, వాటిలో ఏదో ఒకటి కనీసం 12 వారాల ఎడంతో రెండుసార్లు పాజిటివ్ వస్తేనే లెక్క. జ్వరాల తర్వాత ఇవి తాత్కాలికంగా కనిపించి మాయమవుతాయి. నిర్ధారణ అయితే మాత్రం రక్తం పలుచబడే మందుల విషయంలో నిర్ణయం పూర్తిగా మారిపోతుంది.

రక్తకణాలు, కొవ్వులు

మామూలు రక్తకణాల లెక్క చవకైన పరీక్ష, దాన్ని చిన్నచూపు చూడకూడదు. ప్లేట్‌లెట్లు విపరీతంగా పెరిగే ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియాలో, ఎర్రకణాలు పెరిగే పాలిసైథీమియా వేరాలో ఆరాను పోలిన చూపు మెరుపులు, తలనొప్పి వస్తాయి. స్ట్రోక్ ముప్పూ ఉంటుంది. తక్కువ మోతాదు ఆస్పిరిన్‌తో ఆ మెరుపులు తగ్గిపోవడం వైద్యులకు తెలిసిన విషయమే. ఈ జబ్బులకు గుర్తైన జాక్2 జన్యు మార్పు 2005లో బయటపడింది. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనతలో కూడా ప్లేట్‌లెట్లు పెరిగి గడ్డలకు దారితీయవచ్చు.

కొలెస్టరాల్, అపోలిపోప్రొటీన్ బి వంటివి మైగ్రేన్ రోగుల్లో కొంచెం ఎక్కువే, కానీ తేడా చిన్నది. పైగా 2008లో విమెన్స్ హెల్త్ స్టడీ ఊహించనిది చెప్పింది. ఆరా వల్ల ఇస్కీమిక్ స్ట్రోక్ ముప్పు స్పష్టంగా కనిపించింది కొలెస్టరాల్, రక్తపోటు లాంటి మామూలు ముప్పులు అతి తక్కువగా ఉన్నవారిలోనే. అంటే మైగ్రేన్ నుంచి స్ట్రోక్‌కు వెళ్లే దారి కొవ్వు పేరుకుని ధమనులు పూడుకుపోయే మామూలు దారి కాకపోవచ్చు (చూ. అథెరోస్క్లెరోసిస్).

జన్యు సూచికలు

కొన్ని జబ్బుల్లో మైగ్రేన్, స్ట్రోక్ రెండూ ఒకే జన్యు లోపపు కొమ్మలు. కాడసిల్ అనే వంశపారంపర్య వ్యాధిలో సుమారు మూడోవంతు మందికి, తరచుగా 30 ఏళ్ల ప్రాంతంలో, ఆరాతో కూడిన మైగ్రేన్ మొదలవుతుంది. 40, 50 ఏళ్లలో చిన్నచిన్న స్ట్రోకులు, ఆపైన మతిమరుపు వస్తాయి. దీనికి కారణమైన నాచ్3 జన్యువును 1996లో పారిస్ పరిశోధకులు గుర్తించారు. మెలాస్ అనే మైటోకాండ్రియా జబ్బులో రక్తంలో లాక్టేట్ పెరుగుతుంది. మైగ్రేన్ లాంటి నొప్పులు, స్ట్రోకును పోలిన దాడులు చిన్నతనంలోనే రావచ్చు. ఇంట్లో పలువురికి ఇలాంటి చరిత్ర ఉంటేనే ఈ పరీక్షలకు అర్థం.

సాధారణ మైగ్రేన్‌లో ఒక్క జన్యువు కాదు, వందకు పైగా చోట్ల చిన్న తేడాలున్నాయి. 2022లో లక్ష మందికి పైగా రోగులతో చేసిన విశ్లేషణ 123 చోట్లను గుర్తించింది. వాటిలో పీహెచ్‌ఏసీటీఆర్1 తీరు విచిత్రం. అక్కడి ఒక అక్షరం తేడా గుండె ధమనుల జబ్బును పెంచుతుంది, అదే తేడా మైగ్రేన్‌నూ మెడ ధమని పొర చీలడాన్నీ తగ్గిస్తుంది. మెడ ధమని చీలడం యువకుల్లో స్ట్రోకుకు ముఖ్య కారణాల్లో ఒకటి.

పనిచేసే తీరు

ఆరాకు మూలం మెదడు ఉపరితలం మీద పాకే ఒక విద్యుత్ అల. 1941లో మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ తనకు వచ్చే ఆరాలో మెరుపు గీత కదిలే వేగాన్ని తానే గుర్తించుకుని, అల నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున నడుస్తోందని లెక్కగట్టారు. 1944లో బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావో కుందేలు మెదడులో అలాంటి అలను ప్రత్యక్షంగా చూపారు. దాన్ని కార్టికల్ స్ప్రెడింగ్ డిప్రెషన్ అంటారు. అల వెనుక రక్తప్రసారం కొంతసేపు తగ్గుతుంది. అరుదుగా ఆ తగ్గుదల ఇన్‌ఫార్క్టుకు దారితీస్తుంది. గంట దాటినా ఆరా పోకుండా, స్కాన్‌లో అదే చోట ఇన్‌ఫార్క్టు కనిపిస్తే మైగ్రేనస్ ఇన్‌ఫార్క్షన్ అంటారు.

బాణం ఎదురు దిక్కున కూడా ఎగరగలదు. 2010లో ఎలుకల ప్రయోగంలో, రక్తంలోకి వదిలిన అతి చిన్న గడ్డలు మెదడుకు శాశ్వత నష్టం చేయకుండానే ఆ అలను పుట్టించాయి. అంటే గడ్డకట్టే గుణం ఎక్కువైన రక్తం మొదట ఆరాను, ఎప్పుడో ఒకసారి స్ట్రోకును తేవచ్చు. ఆరా స్ట్రోకుకు కారణం కాక, రెండూ ఒకే మూలానికి పుట్టినవి కావచ్చు. గుండె గదుల మధ్య పుట్టుకతో మిగిలే రంధ్రం పీఎఫ్‌ఓ ఆరా రోగుల్లో ఎక్కువగా కనిపించడానికి కూడా ఈ ఊహతో అర్థం దొరుకుతుంది.

వైద్యంలో స్థానం

లక్షణాలు మామూలుగా ఉండి, ఇతర ముప్పులు లేని మైగ్రేన్ రోగికి ఈ సూచికల పరీక్షలు అక్కర్లేదన్నది వైద్యుల్లో స్థిరపడిన అభిప్రాయం. రక్తంతో పనిలేని కొలతే ఎక్కువ చెబుతుంది: 32 దేశాల్లో జరిగిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనంలో స్ట్రోకుల భారంలో దాదాపు 48 శాతం ఒక్క అధిక రక్తపోటుకే ముడిపడింది.

గర్భనిరోధక మాత్రల విషయంలో ఏ రక్తపరీక్షా లేకుండా ఒక్క ప్రశ్నే సరిపోతుంది: నొప్పికి ముందు కళ్లెదుట మెరుపులు వస్తాయా? ఆరా ఉన్న స్త్రీలు ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలు ఏ వయసులోనూ వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనల్లో ఉంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే మాలా-ఎన్‌లో ఈస్ట్రోజెన్ ఉంటుంది. వారం లెక్కన వేసుకునే ఛాయా మాత్రలో హార్మోన్ లేదు.

హైదరాబాద్ అనుభవం

తలనొప్పిగా మొదలై మైగ్రేన్‌లా మభ్యపెట్టే ఒక రకం స్ట్రోకులో రక్త సూచికల విలువ తెలుగు నేల మీదే స్పష్టంగా కనిపించింది. మెదడు నుంచి రక్తాన్ని బయటికి తెచ్చే సిరల్లో గడ్డకట్టడాన్ని సెరెబ్రల్ వీనస్ థ్రాంబోసిస్ అంటారు. హైదరాబాద్ నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అంటే నిమ్స్, వైద్యులు ఇలాంటి 428 మంది వివరాలను 2012లో ప్రచురించారు. ముప్పు కారణాల్లో రక్తహీనత, హోమోసిస్టీన్ పెరుగుదల ముందు వరుసలో ఉన్నాయి. మద్యం, గర్భనిరోధక మాత్రలు, బాలింత దశ వాటి వెనుక వచ్చాయి. బాలింతల జబ్బుగా పేరుపడిన దీనిలో మగవారి సంఖ్యా తక్కువ లేదు.

ఈ ఫలితం ఆహారానికీ ముడిపడుతుంది. బి12 దొరికేది మాంసం, చేపలు, గుడ్లు, పాల పదార్థాల్లోనే. పూర్తి శాకాహారులై పాలు, పెరుగు కూడా అంతంతమాత్రంగా తీసుకునేవారిలో హోమోసిస్టీన్ పెరగడం సహజం. కొత్తగా మొదలై రోజురోజుకూ పెరిగే తలనొప్పి, పడుకుంటే ఎక్కువవడం, వాంతులు, చూపు మసకబారడం ఉంటే రక్తపరీక్షల కోసం ఆగకుండా ముందు సిరల స్కాన్ తీస్తారు. డి-డైమర్ అనే గడ్డ సూచిక మామూలుగా ఉన్నంత మాత్రాన ఈ జబ్బు లేదని చెప్పలేరు.

వివాదాలు, సాగుతున్న పరిశోధన

చాలా అధ్యయనాలు రక్తం ఒక్కసారే తీశాయి. నొప్పి నడుమ తీసిన నమూనాకూ, నొప్పి లేని వారంలో తీసిన దానికీ తేడా ఉంటుంది. మింగిన నొప్పి మాత్రలూ అంకెలను కదిలిస్తాయి. పాల్గొన్నవారిలో అత్యధికులు ఐరోపా, అమెరికాల తెల్లజాతివారు కావడం మరో పరిమితి. భారతీయుల్లో స్ట్రోకుల తీరు వేరు: హైదరాబాద్ ఆసుపత్రి రిజిస్ట్రీలో పెద్ద ధమనుల జబ్బుదే పైచేయి.

సీజీఆర్‌పీని అడ్డుకునే కొత్త మందులు ఈ చర్చకు మరో మలుపు ఇచ్చాయి. రక్తనాళాన్ని వెడల్పు చేసే ఈ పదార్థం, మెదడుకు రక్తం అందని వేళ రక్షణగా పనిచేస్తుంది. 2020లో వెలువడిన ఎలుకల ప్రయోగంలో, ఆ రక్షణను గెపాంట్లనే ఈ రకం మందులతో అడ్డుకున్నప్పుడు స్ట్రోక్ నష్టం పెరిగింది. మనుషుల్లో జరిగిన మందుల పరీక్షల్లో అలాంటి ప్రమాదం బయటపడలేదు; అయితే ఇటీవలే స్ట్రోక్ వచ్చినవారిని, తీవ్రమైన గుండెజబ్బు ఉన్నవారిని ఆ పరీక్షల్లో సాధారణంగా చేర్చుకోలేదు. మైగ్రేన్ నొప్పిని ఆపే ట్రిప్టాన్ మాత్రలు స్ట్రోక్ చరిత్ర ఉన్నవారికి ఇప్పటికే నిషిద్ధం.